అలల్లోంచి కయాక్ దించడం, మళ్ళీ ఒడ్డెక్కించడం: చెన్నై తీరంలో ఏం చూసుకోవాలి?

నీలాంగరై_నీళ్ళు
ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో కయాక్ బాగానే తిప్పగలిగినవాళ్ళకు సముద్రంలో అడ్డొచ్చేది మొదటి యాభై అరవై మీటర్లే. దాని గురించి వివరంగా కావాలి. బోటు సిట్-ఆన్-టాప్ రకం, అంటే లోపల కాక డెక్ మీదే కూర్చునేది. పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 80 సెంటీమీటర్లు, ఖాళీ బరువు 34 కిలోలు. సీటు, చేపలు పట్టే రాడ్లు, ఐస్ డబ్బా ఎక్కిస్తే 50 దాటుతుంది. కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ డ్రైవ్ ఉంది. దించాలనుకుంటున్నది నీలాంగరైకీ ఇంజంబాక్కానికీ మధ్య. అల ఎంత ఉంటే దిగొచ్చు? సామాను ఎలా సర్దాలి? తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి వచ్చే అలను ఏం చేయాలి? యూట్యూబ్‌లో కనిపించేవన్నీ వేరే దేశాల చదును ఒడ్డులు, మన ఒడ్డుకు అవి అతకవు.

తెడ్డుమనిషి
మీ మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. వెళ్ళేటప్పుడు అల కళ్ళెదురుగా ఉంటుంది, వచ్చేటప్పుడు వీపు వెనక ఉంటుంది. దాని సంగతి తీరిగ్గా రాస్తాను. ముందు చిన్న లెక్క.

సామానుతో ఉన్న బోటును తెడ్డుతో గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిపితే సెకనుకు 1.4 మీటర్లు. అలలు విరిగే పట్టీ 60 మీటర్లుంటే ఊరికే దాటడానికే 43 సెకన్లు పడుతుంది. నురుగు గుద్ది ఆపేసే సమయం కూడా కలుపుకుంటే ఒక నిమిషం. అలకూ అలకూ మధ్య 10 సెకన్లుంటే ఆ నిమిషంలో ఆరు అలలు ఎదురవుతాయి. కాబట్టి రెండు అలల సందులో దూరిపోదాం అనుకోవడం కుదరదు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, గుంపు పోయాక కాసేపు తెరపి ఇస్తాయి. మీరు పట్టుకోవాల్సింది ఆ తెరపిని.

ఒడ్డున కనీసం 20 నిమిషాలు గడియారం చూస్తూ కూర్చోండి. గుంపులో ఎన్ని పెద్దవి వస్తున్నాయి, ఎంతసేపటికి ఒకసారి, ఎక్కడ విరుగుతున్నాయి. ఐదు నిమిషాలు చూసి సముద్రం నిద్రపోతోందనుకుంటే, మీరు చూసిన ఐదు నిమిషాలే తెరపి అయ్యుండొచ్చు.

ఓఎంఆర్_ఇంజనీర్
దిగాలా వద్దా అనేది ముందురోజు రాత్రే సగం తేలిపోతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచనలో అల ఎత్తు, పీరియడ్ (అలకూ అలకూ మధ్య సెకన్లు), దిక్కు మూడూ చూడాలి. చాలామంది ఎత్తు ఒక్కటే చూస్తారు.

ఆ ఎత్తు కూడా మనం అనుకునే ఎత్తు కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతును తీసుకుని కట్టిన సగటు అది. అప్పుడప్పుడూ దానికి దాదాపు రెట్టింపు అల కూడా వస్తుంది. 1 మీటరని రాసి ఉంటే 1.8 మీటర్ల అల ఒకటి దారిలో ఉందనుకునే దిగాలి.

ఇక పీరియడ్. అల మోసుకొచ్చే శక్తి దాని ఎత్తు వర్గాన్ని బట్టీ, పీరియడ్‌ను బట్టీ పెరుగుతుంది. 0.8 మీటరు, 6 సెకన్లు అంటే దగ్గర్లో గాలికి లేచిన చిల్లర అల. అదే 0.8 మీటరు, 14 సెకన్లు అంటే దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపాను గాలికి పుట్టి వచ్చిన ఉబ్బు. లోతు తగ్గేకొద్దీ అది లేచి నిలబడుతుంది. ఇక్కడ ఆకు కదలకపోయినా, ఆకాశం తేటగా ఉన్నా వస్తుంది. కేరళ వాళ్ళు కల్లక్కడల్ అనేది దీన్నే, అంటే దొంగ సముద్రం. ఆ హెచ్చరిక ఉన్న రోజు బోటును కారు మీంచి దించకండి.

కాలాల సంగతి: నైరుతి రుతుపవనాల నెలల్లో దక్షిణం ఉబ్బు ఎక్కువ. చెన్నైకి దక్షిణాన ఉన్న మన కోవళంలో సర్ఫింగ్ వాళ్ళకు అది పండగ, మనకు కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, వాయుగుండాలు, ఆ మాటే వద్దు. జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఉదయాలు మేలు. అప్పుడు కూడా మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తే అలలు చిందరవందరైపోతాయి. ఆరింటికి దిగినవాళ్ళు తొమ్మిదిన్నరకల్లా ఒడ్డున ఉండాలి. చేప పడుతోందని ఇంకో గంట ఉండిపోతే పొద్దున దిగిన ఒడ్డు, ఎక్కాల్సిన ఒడ్డు ఒకటి కావు.

తెప్పలోడు
ఒడ్డు గురించి ఎవరూ అడగరు గానీ సగం కథ అక్కడే ఉంది. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోట విరుగుతుంది. చదును ఒడ్డున ఆ లోతు దూరంగా ఉంటుంది, అల అక్కడే విరిగి నురుగై మెల్లగా దొర్లుకుంటూ వస్తుంది. నిటారు ఒడ్డున ఆ లోతు ఇసుకకు ఆనుకునే ఉంటుంది, అల మొత్తం ఒక్కసారిగా గోడ కూలినట్టు పడుతుంది. మెరీనా ఇలాంటిదే. హార్బర్ గోడలు కట్టాక దక్షిణాన ఇసుక పేరుకుని బీచ్ వెడల్పైంది కానీ నీటి అంచున వాలు ఎక్కువ. పైగా అక్కడ మనుషులు దిగితేనే పోలీసులు విజిల్ వేస్తారు, కయాక్ మాట దేవుడెరుగు. హార్బర్‌కు ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయి రాళ్ళ కట్టలు వేశారు, అటు వెళ్ళొద్దు.

మీ నీలాంగరై వైపు ఒడ్డు వారం వారం మారుతుంది. మామూలుగా పాటు మీద బయటి ఇసుక దిబ్బ మీద విరిగే అల, పోటు మీద దిబ్బను దాటొచ్చి ఒడ్డునే కూలుతుంది. చెన్నైలో అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా పోటుపాట్ల తేడా సుమారు 1 మీటరే, కానీ ఒడ్డు స్వభావం మారడానికి ఆ మీటరు చాలు. దిగే వేళకే కాదు, తిరిగొచ్చే వేళకు నీళ్ళు ఎక్కడుంటాయో కూడా పట్టికలో చూసుకోండి.

అటూ ఇటూ తెల్లగా నురుగు, మధ్యలో అల విరగని ముదురు రంగు సందు, అందులో ఇసుక కలిసిన నీళ్ళు కనిపిస్తే అది నీళ్ళు సముద్రంలోకి తిరిగి లాగే దారి. ఈతగాణ్ణి చంపేది అదే, కయాక్ బయటికి వెళ్ళడానికి వాటంగా ఉండేదీ అదే. ఒడ్డుకొచ్చేటప్పుడు మాత్రం దాంట్లోకి రావొద్దు. ఎదురు నీటికి అల ఇంకా నిలువుగా లేస్తుంది.

ఇంకొకటి, కుప్పం, అంటే జాలర్ల పల్లె, ముందు దిగకండి. పొద్దున తిరిగొచ్చే ఫైబర్ బోట్లు ఇంజన్ ఆపకుండా అల వెంట ఇసుక మీదికి దూసుకొస్తాయి, వాటికి బ్రేకులుండవు. కరైవల, అంటే మన వైపు అలివి వల, లాగే చోట తాళ్ళు నీటి కింద ఉంటాయి, పైకి కనపడవు. ఎవరైనా పెద్దాయన్ని "అన్నా, తన్ని ఎప్పడి ఇరుక్కు?" (నీళ్ళు ఎలా ఉన్నాయి?) అని అడగండి. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయే నీటిని తెండి అంటారు, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగేది వన్ని. ఏ యాప్‌లోనూ దొరకని సమాచారం ఒక్క మాటలో వస్తుంది.

నీలాంగరై_నీళ్ళు
ధన్యవాదాలు తెప్పలోడు గారూ. అయితే ఎత్తుకు ఒక అంకె చెప్పండి, ఎవరైనా సరే.

కోవళం_కెరటం
కొత్తవాళ్ళకు మోకాలు. ఇరవై ముప్ఫైసార్లు దించి ఎక్కించినవాళ్ళకు నడుము. ఛాతీ ఎత్తు వస్తే వేట కయాక్ పనికాదు, ఎవరు నడిపినా. ఇది విరిగే చోట అల ముఖం ఎత్తు, ఇన్‌కాయిస్ అంకె కాదు. ఒడ్డునే కూలే అలైతే మోకాలెత్తుదైనా వద్దనుకోండి.

ఇక దించే పద్ధతి. బోటును చీలమండ లోతు దాకా లాగి ముక్కు సూటిగా అలకు ఎదురుగా పెట్టండి. ముక్కు దగ్గరి హ్యాండిల్ పట్టుకుని పక్కన నిలబడాలి, వెనక కాదు. ఏ పక్కన? నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో ఆ పక్కన. తెండి నడుస్తుంటే దక్షిణం పక్కన. అప్పుడు అల బోటును అడ్డం తిప్పినా అది మీ నుంచి దూరంగా పోతుంది, మీ మోకాళ్ళ మీదికి రాదు.

పెద్ద గుంపులో చివరిది విరిగి, దాని నురుగు మీ దాకా రాగానే నడవడం మొదలుపెట్టండి. మోకాలి లోతు రాగానే ముందు పిరుదులు సీట్లో, తర్వాత రెండు కాళ్ళూ ఒకేసారి లోపల. ఒక కాలు బయట వేలాడదీసి బ్యాలెన్స్ చేసుకోవడం బ్యాక్‌వాటర్ అలవాటు, ఇక్కడ ఆ కాలే పోతుంది. కూర్చోగానే తెడ్డు వేయాలి. సీటు సర్దుకోవడం, టోపీ సర్దుకోవడం ఏమీ లేవు.

నురుగు ఎదురొస్తే నడుము దగ్గర ముందుకు వంగి, వేగం తగ్గించకుండా, ముక్కు నురుగును తాకే క్షణంలో తెడ్డును నురుగుకు అవతల నీళ్ళలో గుచ్చి లాగండి. తెడ్డు అడ్డంగా ఛాతీ ముందు ఎత్తి పట్టుకుంటే అల దాన్ని తెచ్చి పళ్ళకు కొడుతుంది. ఇంకా విరగని అల ఎదురుగా లేస్తుంటే ఒక్క క్షణంలో తేల్చుకోవాలి. శిఖరం ఇంకా గుండ్రంగా ఉంటే బలమంతా పెట్టి మీదుగా దాటేయండి. పలచబడి వంగుతుంటే రెండు తెడ్లు వెనక్కి వేసి ఆగండి, మీ ముందే విరగనివ్వండి, నురుగును తీసుకోండి. అది విరిగే సరిగ్గా ఆ గీత మీద మాత్రం ఉండొద్దు.

దాటాక ఊపిరి తీసుకోవచ్చు, ఆగకూడదు. చివరిగా విరిగిన చోటికి ఇంకో 40 మీటర్లు అవతలికి పోయాకే రాడ్లు బయటికి తీయండి. పెద్ద గుంపు ఇంకా లోతులోనే విరుగుతుంది.

వంజరం_వేట
పెడల్ డ్రైవ్ ఉండగా తెడ్డెందుకు? పెడల్‌తో వేగం ఎక్కువ, చేతులు ఖాళీ. ఇదంతా పాత పద్ధతిలా ఉంది.

కోవళం_కెరటం
వేగం నిజమే, లోతు సంగతి చూడండి. డ్రైవ్ అడుగు కింద 40 సెంటీమీటర్లకు పైనే దిగి ఉంటుంది. రెండు అలల మధ్య పల్లంలో నీళ్ళు ఒక్కసారిగా అంతకంటే తగ్గిపోతాయి, రెక్క ఇసుకను తాకితే కడ్డీ వంగుతుంది, ప్రొపెల్లరైతే బ్లేడు విరుగుతుంది. తాకిన చోటే బోటు ఇరుసు మీద తిరిగినట్టు అడ్డం తిరుగుతుంది, అది అసలు ప్రమాదం. హోబీ మిరాజ్ రకంలో ఒక పెడల్ పూర్తిగా ముందుకు తోసి ఉంచితే రెక్కలు అడుగుకు అతుక్కుంటాయి. ప్రొపెల్లర్ రకాల్లో యూనిట్ మొత్తం పైకి లేపాలి, కానీ లేపినది మీ మోకాళ్ళ మధ్య ఇనప దిమ్మెలా నిలబడుతుంది, బోల్తా పడితే మొహానికి తగులుతుంది. అలలు దాటేదాకా విప్పి పడుకోబెట్టి స్ట్రాప్ వేయడమే మంచిది. రడ్డర్ (చుక్కాని) కూడా పైకి.

తెడ్డు పొడవు 240 సెంటీమీటర్లు చూసుకోండి. 80 సెంటీమీటర్ల వెడల్పు బోటుకు 220 పొట్టి, చేతులు బోటు అంచుకు కొట్టుకుంటాయి.

ఉప్పుగాలి
సామాను గురించి. ఒక్కటే పరీక్ష: బోటును ఇంట్లో బోర్లించి కుదిపితే ఏదీ కింద పడకూడదు.

రాడ్లు నిలువు హోల్డర్లలో పెట్టి అలల్లోకి వెళ్ళడమంటే వాటిని సముద్రానికి దానం చేయడమే. ముక్కు దగ్గరి హ్యాచ్ (మూత ఉన్న రంధ్రం) లోంచి లోపలికి తోసేయాలి. పట్టకపోతే డెక్ మీద పడుకోబెట్టి, రీళ్ళకు గుడ్డ చుట్టి, రెండు చోట్ల స్ట్రాప్. లూర్లకున్న (ఎర బొమ్మలకున్న) మూడు ముళ్ళ గాలాలు విప్పి డబ్బాలో. విడిగా ఉన్న గాలం, వేలాడే తాడు రెండూ తలకిందులైనప్పుడు మనిషినే పట్టుకుంటాయి. లంగరు, సీసం బరువులు సీటు కిందనో వెనకనో ఉండాలి, ముక్కులో వద్దు. ముక్కు బరువెక్కితే ఒడ్డుకొచ్చేటప్పుడు అల దాన్ని నేలకు గుచ్చేస్తుంది. చేపల జాడ చూపే ఫిష్‌ఫైండర్ తెర తీసి హ్యాచ్‌లో పెట్టి వైరు కొసకు మూత వేయండి.

స్కపర్లు, అంటే డెక్ మీది నీళ్ళు కిందికి పోయే రంధ్రాలు; వాటి ప్లగ్గులు అలల్లో తీసేయాలి. అవి ఉంటే డెక్ మీద పడిన నీళ్ళు పోవు, రెండు మూడు బకెట్ల నీళ్ళు కాళ్ళ దగ్గర ఊగుతూ బోటును ఒక పక్కకు లాగుతాయి. దీనికి సరిగ్గా వ్యతిరేకం, బోటు లోపలి నీళ్ళు వదిలేందుకు వెనకున్న డ్రెయిన్ ప్లగ్, అది బిగించి ఉండాలి. రెంటినీ తారుమారు చేసేవాళ్ళు ఉంటారు, నవ్వకండి. హ్యాచ్ మూత కింది రబ్బరు మీద ఒక్క వరస ఇసుక ఉన్నా నీళ్ళు లోపలికి పోతాయి. మూత వేసేముందు వేలితో తుడవండి. లోపల ఖాళీ చోట్లో ఫోమ్ గొట్టాలు కూరండి, నీళ్ళు వెళ్ళినా నిండిపోదు.

ఒంటి మీద: ఫోమ్ లైఫ్ జాకెట్, ఐఎస్ఓ 12402-5 అని రాసి ఉన్నది, 50 న్యూటన్లది. తనంతట తను ఉబ్బే రకం మొదటి నురుగుకే ఉబ్బిపోతుంది. హెల్మెట్. భుజాన విజిల్. నీళ్ళు చొరని సంచిలో ఫోన్, అది జాకెట్ జేబులో ఉండాలి, బోటులో కాదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554.

తెడ్డుమనిషి
ఇప్పుడు ఒడ్డెక్కడం.

సముద్రంలోంచి చూస్తే అలల వీపులే కనిపిస్తాయి, అందుకని ఎప్పుడూ ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తాయి. విరిగే శబ్దం వినండి, శిఖరం మీంచి వెనక్కి లేచే తుంపర చూడండి. తుంపర బాగా లేస్తుంటే కింద గట్టిగా కూలుతోందని అర్థం. విరిగే గీతకు 40 మీటర్ల ముందే ఆగి, ముక్కు సముద్రం వైపు తిప్పి పెట్టుకుని సామానంతా మళ్ళీ కట్టండి. డ్రైవ్, రడ్డర్ పైకి. లోపల నీళ్ళు ఊగుతున్న చప్పుడు వస్తే ముందు పంపు కొట్టండి, లోపల పది లీటర్లున్నా అల మీద అవి ఒక కొసకు పరిగెత్తి బోటును గుచ్చేస్తాయి. ఒడ్డున రెండు గుర్తులు, ముందొకటి వెనకొకటి, ఒక లైన్లో పెట్టుకోండి. అవి విడిపోతుంటే నీళ్ళు మిమ్మల్ని పక్కకు లాగుతున్నట్టు.

మళ్ళీ గుంపులు లెక్కపెట్టాలి. చివరి పెద్దది మీ కిందుగా దాటగానే దాని వీపు వెంట బయల్దేరండి. 1.3 మీటర్ల లోతులో అల వేగం సెకనుకు సుమారు 3.5 మీటర్లు, మీది 1.4. దాన్ని అందుకోలేరు, దాని వెనక వచ్చేదాన్నుంచి తప్పించుకోనూ లేరు. కాబట్టి ప్రతి నాలుగైదు తెడ్లకూ వెనక్కి చూడాలి. వెనక అల లేస్తుంటే ముందుకు వేయడం ఆపి, వెనక్కి గట్టిగా తెడ్డు వేసి దాన్ని మీ కిందుగా పోనివ్వండి. పోగానే మళ్ళీ దాని వీపు వెంట. ఈ పద్ధతిలో అల మీద సవారీ ఉండదు. సవారీ సరదాగా ఉంటుంది గానీ 50 కిలోల బోటు ముక్కు ఇసుకలో గుచ్చుకుంటే వెనక భాగం మీ తల మీదుగా వస్తుంది.

పట్టుబడిపోయి అల మిమ్మల్ని మోసుకుపోతుంటే వెనక్కి వాలండి, తెడ్డును వెనక ఒక పక్కన ఈడుస్తూ చుక్కానిలా వాడండి. అయినా ఏదో ఒక క్షణంలో బోటు అడ్డం తిరుగుతుంది, ఈ రకం బోట్లన్నీ తిరుగుతాయి. అప్పుడు శరీరం చెప్పేది ఒడ్డు వైపు వాలమని. వాలితే అయిపోయారు, బోటు మీ మీదికి దొర్లుతుంది. సముద్రం వైపు, అల లోపలికి వాలాలి. తెడ్డు రేకను నురుగు మీద బల్లపరుపుగా ఆనించి దాని మీద బరువు వేయండి, మోచేతులు ఒంటికి దగ్గరగా. చేయి పైకి చాపితే భుజం జారుతుంది. నురుగు ఒడ్డు దాకా అడ్డంగానే నెట్టుకుపోతుంది, పోనివ్వండి.

మోకాలి లోతులో దిగేది కూడా సముద్రం వైపే. ఒడ్డు వైపు దిగి బోటు లాగుదామనుకున్న క్షణంలో వెనక అల బోటును మోకాళ్ళకు కొడుతుంది. డెక్ నిండా నీళ్ళతో అది 100 కిలోలు దాటి ఉంటుంది. దిగగానే ముక్కు హ్యాండిల్ పట్టుకుని, పక్కగా ఉండి, వచ్చే అలతో పాటు పైకి ఈడ్చేయండి.

బెసంత్‌నగర్_పాటు
నిలువుగా కూలే ఒడ్డైతే వెనక్కి నడపడం మేలు కదా? ముక్కు సముద్రం వైపే ఉంచి, వెనక్కి తెడ్డు వేస్తూ రావడం. అల వచ్చినప్పుడు రెండు తెడ్లు ముందుకు వేసి దాటేయడం.

తెడ్డుమనిషి
మంచి మాట, రాయడం మరిచాను. అల కళ్ళెదుటే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు అదే మేలు కూడా. నెమ్మది, చేతులు నొప్పెడతాయి, రడ్డర్ పైకి లేకపోతే విరిగిపోతుంది. ఇంకో దారి: విరిగే గీత బయటే నీళ్ళలోకి దిగి, వెనక హ్యాండిల్ పట్టుకుని ఈదుతూ బోటును ముందు పంపడం. మీరు సముద్రం వైపు, బోటు ఒడ్డు వైపు. మీ ఒళ్ళే లంగరులా పనిచేసి బోటును సూటిగా ఉంచుతుంది. హుందాగా కనిపించదు, కానీ దెబ్బ తగలదు.

నీలాంగరై_నీళ్ళు
బోల్తా పడితే? అక్కడే ఎక్కాలా, వదిలేయాలా? తెడ్డు పోకుండా లీష్ (తాడు) కట్టుకోవచ్చా?

కోవళం_కెరటం
అలల పట్టీలో లీష్ వద్దు, బయటికి వెళ్ళాక తగిలించుకోండి. నురుగులో రెండు మీటర్ల తాడు మెడకో చేతికో చుట్టుకుంటుంది.

బోల్తా పడితే మొదటి పని మీరు బోటుకు సముద్రం వైపు ఉన్నారా అని చూసుకోవడం. లేకపోతే మునిగైనా, పక్కగా ఈదైనా అటు చేరండి. కాళ్ళు అందే లోతైతే ఎక్కొద్దు, ఒక కొస హ్యాండిల్ పట్టుకుని బోటు వెనకే ఒడ్డుకు రండి. పట్టు నిలవకపోతే వదిలేయండి, బోటు ఎలాగూ ఒడ్డుకే వస్తుంది. రాడ్ల కోసం, చెప్పుల కోసం వెనక్కి వెళ్ళొద్దు. పొద్దున గాలి పడమటి నుంచి వీస్తుంటే విరిగే గీత బయట మాత్రం లెక్క తిరగబడుతుంది: అక్కడ బోటు సముద్రంలోకి కొట్టుకుపోతుంది, పట్టు వదలకూడదు.

బయట ఎక్కే పద్ధతి: బోర్లా పడ్డ బోటు మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని వెనక్కి పడితే తిరుగుతుంది. తర్వాత కాళ్ళు నీటి మీదికి తేలేలా తన్నుతూ పొట్ట మీద ఎక్కాలి, పొట్ట నుంచి పిరుదులు సీట్లోకి, చివర్న కాళ్ళు. ముట్టుకాడులో సామానంతా కట్టి వరసగా ఐదుసార్లు ఇది చేయగలిగితేనే సముద్రం మాట. ఆ తర్వాత కూడా మొదటి పదిసార్లు ఖాళీ బోటుతో, రాడ్లు లేకుండా, దించడం ఎక్కించడం మాత్రమే.

వంజరం_వేట
సరే, పెడల్ విషయంలో ఒప్పుకుంటున్నాను. ఒక చిన్న ప్రశ్న, ప్రతిసారీ ఇంటికొచ్చాక లోపల ఒక చెంబెడు నీళ్ళు ఉంటే మామూలేనా?

ఉప్పుగాలి
చెంబెడు మామూలే, బకెట్టు కాదు. ఎక్కడి నుంచో తెలియాలంటే హ్యాచ్ తెరిచి బోటును చదునుగా ఉంచి, లోపల పది లీటర్ల నీళ్ళు పోసి, ఒక్కో కొస లేపుతూ బయట తడి చూడండి. మొదట రాడ్ హోల్డర్ స్క్రూలు, తర్వాత స్కపర్ గొట్టం అడుగుకు కలిసే అతుకు. ఇసుక మీద ఈడ్చే బోట్లలో పగులు వచ్చేది ఎక్కువగా ఆ అతుకు దగ్గరే, అందుకే బెలూన్ చక్రాల బండి కొనమనేది. స్క్రూ దగ్గరైతే విప్పి మెరైన్ సీలెంట్ పూసి బిగిస్తే సరిపోతుంది. అతుకు పగిలితే ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించేదాకా నీళ్ళలోకి తీసుకెళ్ళొద్దు, ఎమ్‌సీల్ పాలిథిలిన్‌కు అంటుకోదు.